అమ్మమ్మ దుప్పటి, వలందుల చీటీ గుడ్డ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

వెనక వరసల్లో చేరిన మా బ్యాచ్ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. అప్పుడూ వెనకే కూర్చున్నారు, ఇప్పుడూ అంతే.

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం 'ఇంజనీరింగ్ రంగంలో అవకాశాలు'. దాని గురించి చెప్పటానికి ఈ సభలో నాకన్నా యోగ్యులు కనీసం ఓ ఇరవై మంది ఉన్నారు. పైగా పిల్లలకి ఆ సంగతులు మనకన్నా వాళ్ళ ఫోనే బాగా చెబుతోంది. అందుకని ఆయన అనుమతితోనే మాట మారుస్తున్నాను. నేను ఈ బళ్ళో ఏడో తరగతి చదువుతున్నప్పుడు చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు నాకు ముప్పై ఆరేళ్ళ తర్వాత హాలండులో ఎలా ఎదురైందో దాని గురించి, ఆ దారిలో చదివిన కొన్ని పుస్తకాల గురించి చెబుతాను. చివర్లో సంఘం వారికి ఒక విన్నపం ఉంది. అది నచ్చనివాళ్ళు భోజనాల దగ్గర నన్ను పట్టుకోవచ్చు.

ముందు తప్పు. 1981 వేసవి. మా వీధిలోకి స్టీలు సామాన్ల వాడు వచ్చాడు. పాత బట్టలకి స్టీలు గిన్నెలు ఇచ్చే రోజులవి. నాకు మూడు గిన్నెల క్యారేజీ మీద మనసు పడింది. కొత్తగా స్టీలు క్యారేజీలో అన్నం తెచ్చుకునే పిల్లల పక్కన అల్యూమినియం డబ్బా పట్టుకుని కూర్చోవటం నాకు నామోషీగా ఉండేది. ఇంట్లో ఎవరూ లేరు. అమ్మమ్మ చెరువు గట్టు మీద గుడికెళ్ళింది. నేను ఆవిడ భోషాణం పెట్టె తెరిచి, రెండు చిరిగిన చీరలు తీసి ఇచ్చాను. చాలవన్నాడు. అడుగున మడతపెట్టి ఒక పాత దుప్పటి ఉంది. ముదురెరుపు, నడుమ ఒక చెట్టు, చెట్టు మీద తోకపిట్టలు, అంచు చుట్టూ తీగ. ఒక మూల ఎలక కొట్టేసింది. పనికిరాని గుడ్డే కదా అనుకున్నాను. వాడు దాన్ని ఒకసారి విప్పి, నా వంక చూసి, ఇంకేమీ బేరమాడకుండా మడిచి మూటలో పెట్టుకున్నాడు. క్యారేజీ ఇచ్చాడు.

అమ్మమ్మ వచ్చాక చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను. ఆవిడ కాసేపు అరుగు మీద కూర్చుని, "మూత గట్టిగా పడుతోందా నాన్నా?" అని అడిగింది. అంతే. ఆ దుప్పటి ఆవిడకి వాళ్ళ నాయనమ్మ ఇచ్చిందని మా అమ్మ తర్వాత చెప్పింది. ఆ క్యారేజీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూత గట్టిగానే పడుతుంది.

ఇప్పుడు హాలండు. నేను డ్రెడ్జింగ్ పనిలో ఉన్నవాణ్ణి, అంటే రేవుల్లో, కాలవల్లో పూడిక తీయటం. ఆ పని మీద 2017లో రోటర్‌డామ్‌లో పదకొండు నెలలు ఉండాల్సి వచ్చింది. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి ఆ దేశం కొత్తగా ఉండదండి. చదునైన నేల, ఎటు చూసినా కాలవలు, గట్లు, లాకులు, నీటి మట్టం మీద నిత్యం తగువు. మనకి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ పచ్చదనం వచ్చింది. వాళ్ళు అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచీ గట్లు వేసుకుంటూ, నీళ్ళు తోడుకుంటూ బతుకుతున్నారు. కొబ్బరిచెట్లు లేవు, ఎండ లేదు, పచ్చిమిరపకాయకి కారం లేదు. ఆ మూడూ మినహాయిస్తే లంక గ్రామమే.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడది ఆ దేశపు ఉత్తరాన ఫ్రీస్‌లండ్ అనే ప్రాంతం. ఒక ఆదివారం "మా ఊళ్ళో మీ దేశపు గుడ్డలు చూపిస్తున్నారు, వస్తావా" అంది. రైల్లో రెండున్నర గంటలు పైనే ప్రయాణం. లేవార్డెన్ పట్నంలో ఫ్రీస్ మ్యూజియం అని ఒకటుంది. ఆ ఏడాది అక్కడ చీటీ గుడ్డల ప్రదర్శన పెట్టారు. వాళ్ళ భాషలో వీటిని 'సిట్స్' అంటారు. ఇంగ్లీషువాడి 'చింట్జ్', మన 'చీటీ', ఈ 'సిట్స్' అన్నీ ఒక గూటి పక్షులే.

లోపలికి వెళ్ళగానే గోడ మీద ఒక పెద్ద పరుపుదుప్పటి. ముదురెరుపు. నడుమ చెట్టు. చెట్టు మీద తోకపిట్టలు. పక్కన చిన్న అట్టముక్క మీద 'కోరమండల్ తీరం' అని ఉంది.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆవిడ వచ్చి భుజం తట్టింది.

ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పాలి. మా అమ్మమ్మ దుప్పటి మ్యూజియంలో ఉండాల్సినంత పాతదని నేను అనను. అది బందరులో అచ్చులతో కొట్టిన మామూలు గుడ్డ అయ్యుండొచ్చు. కలంతో గీసిందో, అచ్చుతో కొట్టిందో తెలుసుకునే పద్ధతి ఉంది. అచ్చైతే ఒకే పువ్వు ఒకే కొలతలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, రెండచ్చులు కలిసేచోట గీత కొంచెం తప్పుతుంది. కలమైతే ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండవు. ఈ పద్ధతి నాకు 2017లో తెలిసింది. 1981లో తెలిసుంటే చూసేవాణ్ణి. ఇప్పుడు చూద్దామంటే గుడ్డ లేదు.

ప్రదర్శనలో ఒకటి నాకు అర్థం కాలేదు. పాత గుడ్డల మీద ఆకులన్నీ నీలంగా ఉన్నాయి. నీలం ఆకులేమిటండీ అని అడిగితే ఆవిడ చదివి చెప్పింది. మనవాళ్ళు ఆకుని ముందు నీలిమందులో ముంచి, పైన పసుపు రంగు పూసేవారు. రెండూ కలిసి ఆకుపచ్చ. పసుపు నిలకడలేని రంగు. వందేళ్ళలో వెలిసిపోయింది, నీలం మిగిలింది. ఎరుపు మాత్రం నిన్న వేసినట్టుంది.

ఆ ఎరుపు సంగతి మనవాళ్ళు తెలుసుకోవాలి. గుడ్డని కరక్కాయ నీళ్ళలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉండటం వల్ల రంగు గీత దాటి పరుచుకోదు. ఇనప ముక్కలూ బెల్లమూ కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళతో నల్లగీతలు గీస్తారు. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ పటిక నీళ్ళు పూస్తారు. అప్పటికి అక్కడ కంటికి ఏమీ కనపడదు. తర్వాత గుడ్డ మొత్తాన్ని చిరివేరుతో కలిపి ఉడకబెడితే, పటిక పడ్డచోటే ఎరుపు కూర్చుంటుంది, మిగతాది కడిగి, ఎండేస్తే పోతుంది. నీలానికైతే ఇంకా కష్టం. నీలం అక్కర్లేని చోటంతా మైనం పూసి, గుడ్డని నీలిమందు తొట్టిలో దించాలి. చిరివేరు మన తీరపు ఇసక నేలల్లో దొరికేది. నిజాంపట్నం చుట్టుపక్కలది శ్రేష్ఠమని పేరు. కెమిస్ట్రీ పాఠం పుట్టకముందే, ఏ మందుకి ఏ రంగు కరుస్తుందో కొలతలతో సహా చేతిలో ఉన్నవాళ్ళు మన అద్దకంవాళ్ళు. ఇంజనీరుగా నేను ఆ వరసంతా కాగితం మీద గళ్ళు గీసి వేసుకున్నాను. ఒక్క మెట్టు తప్పినా గుడ్డ మొత్తం పాడే.

ఇంకొకటి చూశాను. ఆ ఫ్రీస్‌లండ్‌లోనే హిండలోపెన్ అని ఒకప్పటి సముద్రపు ఒడ్డున చిన్న ఊరుంది. ఓడల మీద బతికిన ఊరు. అక్కడి ఆడవాళ్ళు మన తీరం నుంచి వెళ్ళిన చీటీతో పొడుగాటి కోట్లు కుట్టించుకునేవారు. ఇంట్లో ఎవరైనా పోతే ఎరుపు మానేసి, నీలం తెలుపు మాత్రమే ఉన్న చీటీ వేసుకునేవారట. అంటే మన దగ్గర నీలి తొట్టిలో గుడ్డ ముంచినవాడికి, ఆ గుడ్డ కట్టుకుని ఎవరో ఎక్కడో ఏడుస్తారని తెలియదు. ఏడ్చిన మనిషికి ఈ తొట్టి సంగతి తెలియదు.

వీళ్ళు మనకి కొత్తవాళ్ళా? కాదండి. డచ్చివారి తూర్పిండియా కుంపిణీ 1602లో పుట్టింది. నాలుగైదేళ్ళలోనే మచిలీపట్నంలో దిగారు. మనవాళ్ళు వాళ్ళని వలందులన్నారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. 17వ శతాబ్దంలో మన పాలకొల్లులో, ద్రాక్షారామంలో వాళ్ళకి గిడ్డంగులుండేవి. పాలకొల్లులో వాళ్ళ సమాధి రాళ్ళున్నాయి. చిన్నప్పుడు క్షీరారామం గోపురం చూడ్డానికి వెళ్ళిన ప్రతివాళ్ళమూ ఆ రాళ్ళ మాట విన్నవాళ్ళమే, వెళ్ళి చూసినవాళ్ళెంతమందో చేతులెత్తక్కర్లేదు. నరసాపురంలో ఓడలు కట్టించుకున్నారు. పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళు దుకాణం పెడితే, ఆ ఊరి పేరు ఒక రకం గుడ్డకి పేరై ప్రపంచమంతా తిరిగింది. 1824లో జరిగిన ఒప్పందం ప్రకారం డచ్చివారు ఈ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి 1825లో వెళ్ళిపోయారు. వెళుతూ మనకిచ్చిపోయిన మాటల్లో 'కక్కూసు' ఒకటని భాషావేత్తలంటారు. రెండొందల ఏళ్ళ సావాసానికి అదీ మిగిలింది.

నవ్వకండి. వాళ్ళ దగ్గర మనవి మిగిలినవి వేరు. డానియల్ హావార్ట్ అని కుంపిణీ ఉద్యోగి ఒకడు 1670ల్లో, 80ల్లో మన తీరంలోనూ గోల్కొండ రాజ్యంలోనూ పనిచేసి, వెళ్ళాక 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కోరమండల్ ఎదుగుదల, పతనాల మీద ఒక పెద్ద పుస్తకం అచ్చేశాడు. అక్కన్న మాదన్నల సంగతులూ అందులో ఉన్నాయి, మన ఊళ్ళూ ఉన్నాయి. మన చరిత్రకి అదొక ఆధారం. అలాగని వాళ్ళని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కరువులొచ్చిన ఏళ్ళలో ఇదే తీరపు రేవుల నుంచి మనుషుల్ని బానిసలుగా కొని బతావియాకి ఓడల్లో పంపింది కూడా ఆ కుంపిణీయే. గుడ్డ మూటలు వెళ్ళిన దారే మనుషులూ వెళ్ళారు. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం బానిసత్వం మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. తమ సొంత గోడల మధ్యే ఆ సంగతి ఒప్పుకోవడానికి వాళ్ళకి అన్నేళ్ళు పట్టింది.

లేవార్డెన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లో నేను ఆవిడకి క్యారేజీ కథ చెప్పాను. ఎవరికీ చెప్పని కథ. ఆవిడ విని, ఊరుకుని, మర్నాడు ఆఫీసులో నా బల్ల మీద ఒక పుస్తకం పెట్టింది. 'వార్ అండ్ టర్పెంటైన్', ఇంగ్లీషు అనువాదం. రాసినాయన స్టెఫాన్ హెర్ట్‌మాన్స్. బెల్జియంలో డచ్చి భాష మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతం వాడు, ఘెంట్ ఊరివాడు. మూలం 2013లో వచ్చింది.

నేను నవలలు చదివే మనిషిని కాను. కానీ ఇది వారంలో పూర్తిచేశాను. కథ ఆయన సొంత తాతగారిది. పేదింటి కుర్రాడు, వాళ్ళ నాన్న చర్చిల్లో గోడబొమ్మలు వేసే పనివాడు. ఈ కుర్రాడు మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడయ్యాడు, గాయపడ్డాడు, బతికొచ్చాడు. తర్వాత జీవితమంతా గొప్ప చిత్రకారుల బొమ్మలకి నకళ్ళు వేస్తూ గడిపాడు. చనిపోయే ముందు తన జ్ఞాపకాలు రాసిన నోటుపుస్తకాలు మనవడికిచ్చాడు. ఈ మనవడు వాటిని దాదాపు ముప్పై ఏళ్ళు తెరవలేదు.

అందులో రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి గడియారం. తాతగారు తమ వంశంలో వచ్చిన జేబు గడియారాన్ని పన్నెండేళ్ళ మనవడి చేతిలో పెడతాడు. కుర్రాడి చేతిలోంచి అది జారి రాతినేల మీద పడి పగిలిపోతుంది. పన్నెండేళ్ళు! నాకూ ఆనాడు పన్నెండేళ్ళే. రెండోది వెలాస్క్వెజ్ వేసిన వీనస్ బొమ్మ. అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెనక్కి తిరిగి పడుకున్న స్త్రీ, ఎదురుగా అద్దం. తాతగారు దానికి నకలు వేశాడు. ఎంతో కాలం తర్వాత మనవడు పరిశీలనగా చూస్తే, ఆ అద్దంలో ఉన్నది వెలాస్క్వెజ్ వేసిన ముఖం కాదు. తాతగారు పెళ్ళాడదామనుకున్న అమ్మాయి ముఖం. ఆ అమ్మాయి యుద్ధం అయ్యాక విషజ్వరానికి పోయింది. ఆయన ఆ అమ్మాయి అక్కనే పెళ్ళాడి, నోరెత్తకుండా కాపురం చేశాడు. చెప్పుకోలేని మాటని నకలు బొమ్మలో దాచుకున్నాడు.

ఆ తర్వాత వరసబెట్టి కొన్ని చదివాను. అదే రచయిత 2016లో రాసిన మరో నవలకి ఆధారం, కైరోలో పాత యూదుల ప్రార్థనామందిరపు కొట్లో దొరికిన కాగితం ముక్కలు. ఆ కొట్లో వందల ఏళ్ళ కాగితాలు పారేయకుండా పోగుపెట్టారు. అందులో ఒక స్త్రీ ప్రస్తావన పట్టుకుని, దాదాపు వెయ్యేళ్ళనాటి ఆమె ప్రయాణాన్ని ఆయన వెతికాడు. 2020లో వచ్చిన ఇంకో పుస్తకం తాను కొన్న పాత ఇంటి గురించి. అమ్మేశాక తెలిసింది, అందులో పూర్వం నాజీలతో కలిసి పనిచేసినవాడు కాపురమున్నాడని. గది గది తిరుగుతూ రాశాడు. సేస్ నోటెబోమ్ అనే పెద్ద రచయిత 2016లో, చిత్రకారుడు బాష్ పోయి ఐదొందల ఏళ్ళయిన సందర్భంలో, ఆయన బొమ్మలున్న ఊళ్ళు తిరిగి పుస్తకం రాశాడు. ఫ్రాంక్ వెస్టర్‌మాన్ 2004లో రాసింది మాత్రం చదవటానికి గుండె కావాలి. స్పెయిన్‌లో ఒక చిన్న ఊరి మ్యూజియంలో ఆఫ్రికా మనిషి శవానికి గడ్డి కూరి అద్దాల బీరువాలో నిలబెట్టారు. కుర్రతనంలో అది చూసిన రచయిత, ఆ మనిషి ఎవరో వెతుకుతూ పోయాడు. 2000లో ఆ అవశేషాలని బోట్స్‌వానా పంపి అక్కడ పూడ్చారు.

వీటిలో నన్ను పట్టుకున్నది శైలి కాదు, శైలి గురించి చెప్పే అర్హతా నాకు లేదు. పద్ధతి. వాళ్ళు రాజు దగ్గర మొదలుపెట్టరు. చేతికి దొరికిన ఒక వస్తువు దగ్గర మొదలుపెడతారు. దాన్ని తిప్పి చూస్తారు, బరువు చూస్తారు, ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఎలా చేతులు మారింది అని అడుగుతారు. తెలియనిచోట తెలియదని రాస్తారు. ఇది మేము పాత వంతెన తనిఖీ చేసే పద్ధతే. ముందు పగుళ్ళు చూస్తాం, తర్వాత కాగితాలు చూస్తాం.

మనకీ ఇలాంటివారు లేరా అంటే, ఈ గోదావరి గట్టు మీదే ఉన్నారు. అడివి బాపిరాజుగారు మన భీమవరం దగ్గర సరేపల్లెలో పుట్టినవారు. బొమ్మలు వేసే చేత్తోనే నవలలు రాశారు. 'హిమబిందు' మళ్ళీ చదవండి. శాతవాహనుల కాలపు కథ. అమరావతి రాళ్ళ మీద మనం చూసే తలకట్లు, వడ్డాణాలు, తోరణాలు ఆ నవలలో మనుషుల ఒంటి మీద కదులుతాయి. చాలా చారిత్రక నవలల్లో కత్తులు ఎక్కువ, వస్తువులు తక్కువ. ఈయన నవలలో నగ ఎలా ఉందో తెలుస్తుంది, ఎందుకంటే ఆయన దాన్ని మనసులో గీసుకునే రాశారు. ఆ అమరావతి రాళ్ళలో ఎన్నో సున్నం బట్టీలకి పోయాయి. మిగిలినవి కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో. ఉన్నవాటిలోంచి ఆయన ఒక లోకం లేపారు. పోయినవాటిలో ఏముందో ఎవరికి తెలుసు?

రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి చిత్రశాల ఉంది. ఎంతమంది చూశారు? ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచికంతో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఆయన్నీ, బాపిరాజుగారినీ, కవి కవికొండల వెంకటరావుగారినీ రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర చేరదీశాడు. ఆ దొర స్వయంగా చిత్రకారుడు, రచయిత. పిల్లల్ని వెంటేసుకుని గోదావరి గట్టున తిప్పేవాడు, చూసింది గీయమనేవాడు. అలా ఒక మాస్టారు దగ్గర చేరిన పిల్లల్లోంచి ఒకరు చిత్రకారుడూ, ఒకరు కవీ, ఒకరు ఆ రెండూనూ అయ్యారు. రామారావుగారు పోయాక ఆయన బొమ్మలు చెట్టుకొకటి పుట్టకొకటి అయిపోకుండా మిత్రులు, ముఖ్యంగా వరదా వెంకటరత్నంగారు, కూడగట్టి నిలబెట్టారు. ఆ పని జరక్కపోతే ఇవాళ మనం పేరు చెప్పుకోవటం తప్ప చూసేందుకేమీ ఉండేది కాదు.

సరే, కథలోకి వస్తాను. తిరిగొచ్చాక రెండేళ్ళ క్రితం మన బడి తెలుగు మాస్టారిని కలిశాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి ఒక పోటీ పెడదామన్నాను. 'మీ ఇంట్లో మీకన్నా పాత వస్తువు ఒకటి పట్టుకొచ్చి, దాని గురించి రెండు పేజీలు రాయండి' అని. ఆయన ముందు భయపడ్డారు, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందండీ అన్నారు. తర్వాత ఒప్పుకున్నారు. నలభై ఒక్క మంది రాశారు. నిజం చెప్పాలంటే ముప్పై మంది రాసింది ఒకటే వ్యాసం. 'ప్రాచీన వస్తువులు మన సంస్కృతికి ప్రతీకలు' అని మొదలై, 'కాపాడుకోవలసిన బాధ్యత మనందరిదీ' అని ముగుస్తుంది. ఫోన్లోంచి దించారు. దస్తూరి ముత్యాల్లా ఉంది. బహుమతి ఎవరికివ్వాలన్నదాని మీద మాస్టారికీ నాకూ గొడవ కూడా అయింది.

మిగతా పదకొండు చదివి నేను రాత్రి పడుకోలేదు. ఒక పిల్ల తిరగలి గురించి రాసింది. పిడి వైపు రాయి లోతుగా అరిగిందట, రెండోవైపు అరగలేదట. 'మా తాతమ్మ ఒక్కత్తే విసిరేది, ఎదురుగా ఎవరూ కూర్చునేవాళ్ళు కాదేమో' అని రాసింది. తొమ్మిదో తరగతి పిల్లండి! ఇంకొక కుర్రాడు పాత హరికేన్ లాంతరు తెచ్చాడు. 1996 నవంబరు తుపాను రాత్రి వాళ్ళ నాన్న దాన్ని పట్టుకుని కొబ్బరితోటలో ఆవుని వెతికాడట. ఆవు దొరికిందా లేదా అన్నది రాయలేదు. అడిగితే, "మా నాన్న చెప్పలేదండి, అడిగితే లేచి వెళ్ళిపోయాడు" అన్నాడు. మరొకడు వాళ్ళ తాత మగ్గం నాడె పట్టుకొచ్చాడు. ఇంట్లో మగ్గం లేదు, నాడె ఒక్కటే ఉంది, దాన్ని వాళ్ళమ్మ మేకులు పెట్టుకోవటానికి వాడుతోంది. ఆ కుర్రాడి కాగితంలో ఒక్క వాక్యంలోనైనా తప్పులేకుండా లేదు. నేను వాడికే మొదటి బహుమతి ఇవ్వాలన్నాను. మాస్టారు తిరగలి పిల్లకన్నారు. చివరికి ఇద్దరికీ ఇచ్చాం.

ఇప్పుడు విన్నపం. స్వర్ణోత్సవానికి గుర్తుగా గేటు దగ్గర పెద్ద ముఖద్వారం కట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. నేనూ చందా ఇచ్చాను, కట్టండి. డిజైను ఉచితంగా వేసిస్తాను, పునాది మాత్రం నల్లమట్టి నేల కాబట్టి జాగ్రత్త. అయితే ఆ ఖర్చుకి కలిసొస్తుందని వెనక కొట్లో ఉన్న పాత సామానంతా పాతసామాన్ల వాడికి తూకానికి ఇచ్చేద్దామనుకుంటున్నారని విన్నాను. పోయిన నెల ఆ కొట్టు తలుపు సందులోంచి టార్చి వేసి చూశాను. అక్కడేమున్నాయో చెబుతాను. మనం కూర్చున్న పొడుగు బల్లలు నాలుగైదు. వాటి మీద పేర్లు చెక్కినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. గోడ పటాలు, పాము కొరికినట్టు చివరలు తినేసినవి. సైన్సు గదిలోని గాజు సీసాలు. హాజరు పట్టీలు, తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. మూల గోడకి చేరేసి, మన గంట.

గంట అంటే గుర్తుందా? రైలు పట్టా ముక్క. వేపచెట్టుకి కట్టి ఉండేది. కరెంటు బెల్లు వచ్చాక తీసేశారు. ఆ ముక్క మీద నడిమికి కొంచెం కింద గుంట పడి ఉంది. రోజుకి పది పన్నెండు సార్లు, అన్ని ఏళ్ళు, ఒకే చోట ఒకే మనిషి కొట్టిన గుంట. ఇనుముగా తూస్తే ఇరవై కిలోలుంటుందేమో. ఎంతొస్తుందో మీరే లెక్కేసుకోండి. ఆ డబ్బు నేనిస్తాను, రసీదు కూడా అక్కర్లేదు.

మూటలో పెట్టుకునేవాడికి తెలిసినంత కూడా ఇచ్చేవాడికి తెలియకపోవటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. స్టీలు సామాన్ల వాడు ఆ దుప్పటిని విప్పి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అందుకే అడుగుతున్నాను. సామాను అమ్మేలోపు ఒక్కసారి మనందరం దాన్ని బయటికి తీసి, ఎండలో పెట్టి, ఏది ఏమిటో రాసుకుందాం. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా పిలుద్దాం. ఆ తర్వాత అమ్మదలుచుకున్నవి అమ్ముకోండి, నేను అడ్డుపడను.

హెడ్మాస్టరు గారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకి కొట్టు తెరుస్తాం. తాళంచెవి అటెండరు గారి దగ్గరుంది. దుమ్ము చాలా ఉంది, పాత బట్టలు కట్టుకుని రండి. టిఫిన్ నేను తెస్తాను, క్యారేజీలో.